ఒక్క డబ్బాతో ఏమవుతుందిలే!

పోయిన అక్టోబరులో మా టీమ్ ఔటింగ్ బాధ్యత నా నెత్తిన పడింది. ఎప్పుడూ అదే బౌలింగూ, అదే పిజ్జా. ఈసారి వెరైటీగా జియోకాషింగ్ ఆడిద్దామనుకున్నా.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. ఒకరు ఎక్కడో ఓ డబ్బా దాచి దాని అక్షాంశం, రేఖాంశం చెప్తారు. మిగతావాళ్ళు జీపీఎస్ పట్టుకుని వెతికి, లోపలున్న పుస్తకంలో పేరు రాసి, మళ్ళీ అక్కడే పెట్టేసి రావాలి. 2000 మే నెల మొదట్లో అమెరికా ప్రభుత్వం పౌరులకిచ్చే జీపీఎస్ సిగ్నల్‌ని కావాలని చెడగొట్టడం ఆపేసింది. అప్పటిదాకా వంద మీటర్ల తేడా కూడా చూపించే రిసీవర్లు ఒక్క రాత్రిలో బాగుపడ్డాయి. మే 3న డేవ్ అల్మర్ అనే ఆయన ఓరెగాన్‌లో ఓ బకెట్ దాచాడు. అదీ ఈ ఆట పుట్టుక.

సరే, నా కథకొద్దాం. మాకు దగ్గర్లో వర్జీనియాలో గ్రేట్ ఫాల్స్ పార్కుంది. పొటోమాక్ నది బండల మీంచి దూకే చోటు. నేషనల్ పార్క్ సర్వీసు వాళ్ళది. అమ్మ ఎప్పుడో పచ్చడి పెట్టి పంపిన స్టీలు డబ్బాలో ఓ చిన్న నోట్‌బుక్కు, ఓ కొండపల్లి బొమ్మ పెట్టి, దారికి కాస్త పక్కగా ఓ రాయి కింద దాచా. "పర్మిషన్ తీసుకున్నావా బాసూ?" అని ఒకడడిగితే, "ఇంత డబ్బాకి పర్మిషనేంటి?" అని నవ్వేశా.

ఆట సూపర్ హిట్! పక్క టీమ్ వాళ్ళు కూడా కోఆర్డినేట్లు అడిగి తీసుకున్నారు. నేనూ పొంగిపోయి డబ్బాని అక్కడే ఉంచేశా. మూడు వారాల తర్వాత తెచ్చుకుందామని వెళ్ళా.

డబ్బా భద్రంగా ఉంది. బొమ్మా ఉంది. పుస్తకంలో 38 పేర్లు. కానీ నేను దాచినప్పుడు లేని కాలిబాట ఒకటి దారి మీంచి చీలి నేరుగా ఆ రాయి దగ్గరికి పోతోంది. చుట్టుపక్కల ఫెర్న్ మొక్కలన్నీ పడుకుని ఉన్నాయి. ప్రతి రాయీ తిరగబడి ఉంది. కొన్నింటి మీద నాచు గీసుకుపోయింది. ఎవరూ చెత్త వెయ్యలేదు, ఎవరూ కావాలని ఏదీ పాడుచెయ్యలేదు. అందరూ మంచివాళ్ళే, మా వాళ్ళే.

ఆ రాత్రి కూర్చుని రూల్స్ చదివా. నేషనల్ పార్కుల్లో ఏ వస్తువైనా 24 గంటలకి మించి వదిలేసి పోకూడదు. మొక్కల్నీ రాళ్ళనీ కదిలించకూడదు. ఆ పార్కు సూపరింటెండెంట్ ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప డబ్బా పెట్టడం తప్పే. ఇదే రూలు ముందు చదివుంటే "అన్నిటికీ అడ్డం పడతార్రా బాబూ" అని విసుక్కునేవాణ్ణి. ఆ నేల చూశాక చదివా కాబట్టి నోరు లేవలేదు.

ఇంజనీర్ని కదా, లెక్కేశా. చెట్ల కింద ఫోను పది మీటర్లు అటూ ఇటూ చూపిస్తుందనుకుందాం. అంటే నేను చెప్పింది చుక్క కాదు, 314 చదరపు మీటర్ల వృత్తం. మన భాషలో దాదాపు 375 గజాలు! ఇల్లు కట్టుకునేంత స్థలాన్ని 38 మంది చేత తొక్కించానన్నమాట. నేను దాచింది డబ్బా ఒక్కటే అనుకున్నా. నిజానికి జనాన్ని అడవిలోకి పంపే అడ్రసు కూడా ఇచ్చా.

రాజుగారి తొట్టిలో పాలు పొయ్యమంటే "నా ఒక్క చెంబు నీళ్ళతో ఏమవుతుందిలే" అని అందరూ నీళ్ళే పోసిన కథ చిన్నప్పుడు అందరం విన్నాం. ఒక్కొక్కర్నీ అడిగితే ఎవరి తప్పూ చాలా చిన్నదే. పార్కు వాళ్ళు చూసుకోవాల్సింది చెంబుని కాదు, తొట్టిని.

అలాగని ఆట మానెయ్యక్కర్లేదు. 2004 నుంచీ ఎర్త్‌కాష్ అని ఒకటుంది. డబ్బా ఉండదు. చెప్పిన చోటికి వెళ్ళి, అక్కడి నేలనో రాతినో గమనించి, ప్రశ్నకి జవాబు చెప్పాలి. నేనూ ఆ పద్ధతిలోనే మా వాళ్ళకి మళ్ళీ పెట్టా. గ్రేట్ ఫాల్స్‌లో నది వరదలు ఏ సంవత్సరం ఎంత ఎత్తుకొచ్చాయో గుర్తులు పెట్టిన స్తంభం ఒకటుంది. అందరూ నడిచే దారిలోనే. అన్నిటికన్నా పైన ఏ సంవత్సరం ఉందో చూసి రమ్మన్నా. 1936. కింద ఎక్కడో పారుతున్న నదిని చూసి, తల పైకెత్తి ఆ గుర్తుని చూసి, మా వాళ్ళు కాసేపు మాట్లాడలేదు. డబ్బా దొరికినప్పుడు గోల చేశారు గానీ, ఇంత సేపు నదిని చూడలేదు.

ఈ మధ్య ఆ రాయి దగ్గరికి మళ్ళీ వెళ్ళా, దారి దిగకుండా దూరం నుంచే చూశా. ఆ కాలిబాట ఇంకా ఉంది. నేను డబ్బా తీసేశానని దానికి తెలీదు కదా. దారి కనిపిస్తోంది కాబట్టి ఎవరెవరో దాని మీద నడుస్తూనే ఉన్నారు.

మీలో ఎవరైనా ఔటింగ్‌కి ప్లాన్ చేస్తుంటే, దాచేముందు ఆ స్థలం ఎవరిదో కనుక్కుని ఒక్క మెయిలు పెట్టండి. నేను పెట్టలేదు.