బాలాజీ గుడి దారిలో నారింజ దీపం

మేం ఉండేది కోవెంట్రీలో. ఈ చుట్టుపక్కల తెలుగువాళ్లందరికీ తెలిసిన దారే మాది కూడా. ఎం6 ఎక్కి, స్పఘెట్టి జంక్షన్ దాటి, ఎం5 మీదకి మళ్లి రెండో జంక్షన్ దగ్గర దిగితే టివిడేల్ వేంకటేశ్వరస్వామి గుడి. రోడ్డు ఖాళీగా ఉంటే ముప్పావుగంట. పులిహోర డబ్బా నా ఒళ్లో, పాప వెనక సీట్లో, మావారు స్టీరింగ్ దగ్గర. నెలకోసారి ఇదే మా తీర్థయాత్ర.

మొన్న వేసవిలో ఆ యాత్రకి ఇంకో పని కూడా కలిసింది. బుధవారం నుంచి మా డీజిల్ కారు డ్యాష్‌బోర్డు మీద ఒక నారింజ దీపం వెలుగుతోంది. చిన్న డబ్బా, అందులో చుక్కలు. డి.పి.ఎఫ్. నిండిందని దాని అర్థం. అంతకుముందు రెండుసార్లు వెలిగినప్పుడు మోటార్‌వే మీద ఇరవై నిమిషాలు ఆపకుండా నడిపితే ఆరిపోయింది. "శనివారం గుడికి వెళ్దాం, స్వామి దర్శనమూ అవుతుంది, కారు గొంతూ శుభ్రమవుతుంది" అన్నారు మావారు.

ఈసారి ఆరలేదు. స్పఘెట్టి జంక్షన్ దాటగానే పక్కనే ఇంజను దీపం కూడా వెలిగింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి నలభై మైళ్లు దాటడం లేదు. ఎడమ వరసలో మేం పాకుతుంటే వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. పాప "అమ్మా, కారుకి జ్వరమా?" అంది. నేను నోట్లో గోవింద నామాలు అనుకుంటూ, చేత్తో హజార్డు లైట్లు వేశాను. ఎలాగో గుడి పార్కింగులోకి చేరాం.

ఇంతకీ డి.పి.ఎఫ్. అంటే ఏమిటో చెప్తాను. నేను చదివింది బీఎస్సీ కెమిస్ట్రీ. అక్కరకొచ్చింది మాత్రం ఇన్నేళ్ల తర్వాత ఈ కారు దగ్గరే. అది సైలెన్సర్ దారిలో ఉండే ఒక పింగాణీ వడపోత. తేనెపట్టులా సన్నసన్నని గొట్టాలుంటాయి. ఒక గొట్టం ఈ చివర మూసి ఉంటే, పక్క గొట్టం ఆ చివర మూసి ఉంటుంది. అందుకని పొగ సన్నటి గోడల్లోంచి దూరి బయటపడాలి. మసి లోపలే చిక్కుకుంటుంది. బాగున్న ఫిల్టర్ నూటికి తొంభై పాళ్ల పైనే మసిని ఆపేస్తుంది.

చిక్కిన మసిని కారు తనే కాల్చుకోవాలి. దానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. మోటార్‌వే మీద అది సాధ్యం. కానీ నేను కారు తీసేది ఎందుకు? బడికి ఒక మైలు, ఇండియన్ షాపుకి రెండు మైళ్లు, ఈతకి మూడు మైళ్లు. ఇంజను వేడెక్కేలోపే ఆపేస్తాను. మసి కాలడం మొదలుపెడుతుంది, నేను తాళం తిప్పేస్తాను. దోసె సగం కాలగానే స్టవ్ కట్టేసినట్టు. అలా పదేపదే జరిగితే, మసి కాల్చడానికి పోసిన డీజిల్ కాస్త ఇంజనాయిల్లో కూడా కలుస్తుంది. బండి ఆపాక కూడా ఫ్యాను గట్టిగా తిరుగుతుంటే, మీరు కాల్చే పనిని మధ్యలో ఆపేశారని గుర్తు. నాకు ఈ సంగతి మూడేళ్లు తెలియలేదు.

దర్శనమయ్యాక ప్రసాదాల దగ్గర మావారి స్నేహితులొకాయన కలిశారు. విషయం విని నవ్వేశారు. "చెల్లెమ్మా, ఇంత కంగారెందుకు? నాదీ అంతే, తీయించి పారేశాను. ఇప్పుడు మైలేజీ కూడా పెరిగింది" అన్నారు. దగ్గర్లోనే ఒక షెడ్డు ఉందట. డబ్బా కోసి, లోపలి పింగాణీ కొట్టేసి, మళ్లీ వెల్డింగ్ పెట్టి, కంప్యూటరుకి ఇంకేం అడగొద్దని నేర్పిస్తారట. 300 పౌండ్లు. కొత్త ఫిల్టర్ వేయిస్తే 1,400 అని మాకు అంతకుముందే ఒకచోట చెప్పారు. డిసెంబర్‌లో విశాఖ వెళ్లడానికి టికెట్ల డబ్బు దాస్తున్నాం. ఆ తేడా ఎంతో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మావారు నా వైపు చూశారు. నేను కూడా ఊగాను, అబద్ధమెందుకు.

కారు కాస్త చల్లారనిద్దామని గుడి పక్క వీధుల్లో నడిచాం. ఈ ప్రాంతాన్ని బ్లాక్ కంట్రీ అంటారు. ఒకప్పుడు బొగ్గు గనులు, ఇనుప కొలుములు, గొలుసులు చేసే షెడ్లతో నిండిన నేల. ఆ పేరు నేలలోని బొగ్గు పొర వల్ల వచ్చిందా, గాలిలోని మసి వల్ల వచ్చిందా అని ఇక్కడివాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. దగ్గర్లోని ఓల్డ్‌బరీలో ఎం5 రోడ్డు స్తంభాల మీద పోతుంటే, దాని కిందే పాత కాలువ నల్లగా పారుతుంది. ఒకప్పుడు ఆ కాలువల్లోనే పడవల మీద బొగ్గు వెళ్లేది. అంత మసి చూసిన నేల మీద 2006లో మన స్వామి వెలిశాడు. ఇప్పుడు గుడి చుట్టూ గడ్డి పచ్చగా ఉంటుంది.

నేను పుట్టింది విశాఖ పాతపట్నం వైపు. పోర్టు నుంచి వచ్చే బొగ్గు ధూళి మా వరండా గట్టు మీద రోజూ పరుచుకునేది. అమ్మ పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్లీ నల్లటి వేలిముద్రలు. ఎవర్ని అడగాలో తెలియక తుడుస్తూనే ఉండేది. ఇంకా తుడుస్తోంది.

పార్కింగుకి తిరిగొచ్చాక టిష్యూ పేపరు చుట్టిన వేలు మా కారు పొగ గొట్టంలో పెట్టి తిప్పాను. పదేళ్లు దాటిన డీజిల్ బండి కదా, వేలు నల్లబడుతుందనుకున్నాను. కాస్త బూడిద రంగు, అంతే. మసిని పట్టే పని అది ఇంకా చేస్తూనే ఉందన్నమాట. స్నేహితుల వారి కారు పక్కనే ఉంది. ఆయన నవ్వుతూ "చూడమ్మా చూడు" అన్నారు. ఆ పేపరు కాటుక డబ్బాలో ముంచినట్టు వచ్చింది. ఆయన నవ్వు కొంచెం తగ్గింది.

ఇంటికి మెల్లగా, మోటార్‌వే ఎక్కకుండా వచ్చాం. ఆ రాత్రి కూర్చుని చట్టం సంగతి చదివాను. ఇక్కడ ఫిల్టర్‌తో వచ్చిన కారుకి అది తీసేసి రోడ్డెక్కడం నేరం. కారుకైతే 1,000 పౌండ్లు, వ్యానుకైతే 2,500 పౌండ్ల దాకా జరిమానా. 2014 ఫిబ్రవరి నుంచి ఎం.ఓ.టి.లో ఫిల్టర్ ఉందో లేదో చూస్తారు. 2018 మే నుంచి ఫిల్టర్ ఉన్న కారు గొట్టంలోంచి కంటికి పొగ కనిపిస్తే ఫెయిల్. ఇలాంటి మార్పు ఇన్సూరెన్సు వాళ్లకి చెప్పకపోతే అవసరానికి వాళ్లు చేతులెత్తేయొచ్చు.

కానీ నిజం చెప్పాలి. డబ్బా పైకి అలాగే కనిపిస్తే పట్టుకోవడం కష్టం. ఆ పొగ పరీక్ష దట్టమైన పొగని కొలుస్తుందే గాని సన్న కణాల్ని లెక్కపెట్టదు. అందుకే ఆ అన్నయ్యగారి కారు రెండుసార్లు పాసయింది. అంటే, దొరికిపోతామన్న భయం ఒక్కటే అయితే మేమూ తీయించేసేవాళ్లమే.

నన్ను ఆపింది వేరే. లండన్‌లో సౌత్ సర్క్యులర్ రోడ్డు దగ్గర ఉండే ఎల్లా అడూ-కిస్సీ-డెబ్రా అనే పాప 2013లో ఆస్తమాతో చనిపోయింది. వయసు 9 ఏళ్లు. వాళ్లమ్మ ఏళ్ల తరబడి పోరాడితే 2020 డిసెంబర్‌లో కరోనర్ ఆ చావుకి గాలి కాలుష్యం కూడా కారణమని తేల్చాడు. మా పాపకి ఏడేళ్లు. దేవుడి దయవల్ల ఇన్‌హేలర్ అవసరం రాలేదు. కానీ తన క్లాసులో ముగ్గురి బ్యాగుల్లో ఉంది. బడి గేటు దగ్గర నేను కారు ఆపే చోట పిల్లల ముక్కులు సరిగ్గా పొగ గొట్టాల ఎత్తుకి కాస్త పైన ఉంటాయి. ఫిల్టర్ తీసేస్తే మా కారు కనీసం పదింతల మసిని అక్కడే వదులుతుంది. మిగిలిన 1,100 పౌండ్లు ఎవరి ఊపిరితిత్తుల నుంచి తీసుకుంటున్నట్టు?

మావారికి ఇదే చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "2015లో ఫోక్స్‌వాగన్ లాంటి కంపెనీయే పరీక్షల్లో మోసం చేసిందిగా, మనమెంత?" అన్నారు. "వాళ్లు చేశారనే కదా మనం తిట్టుకున్నాం" అన్నాను. అక్కడికి ఆ మాట ఆగింది.

సోమవారం ఇంటి దగ్గరి చిన్న గ్యారేజీకి తీసుకెళ్లాం. ఆ పెద్దాయన మొదట అన్న మాట నాకు ఇంకా గుర్తుంది: ఫిల్టర్ నిండటం జబ్బు కాదు, జబ్బు లక్షణం. ఎందుకు నిండిందో చూడకుండా మార్చినా, తీసేసినా అసలు రోగం అలాగే ఉంటుందట. చూస్తే, ఫిల్టర్‌కి ముందూ వెనకా ఒత్తిడి కొలిచే సెన్సరుకి వెళ్లే రబ్బరు పైపు చిట్లింది. లెక్క తప్పుగా వస్తుంటే మసి ఎప్పుడు కాల్చాలో కంప్యూటరుకి తెలియలేదు. పైపు, సెన్సరు మార్చి, ఇ.జి.ఆర్. వాల్వు శుభ్రం చేసి, యంత్రం పెట్టి అక్కడే మసి కాల్పించి, తక్కువ బూడిదనిచ్చే సరైన ఇంజనాయిల్ పోశారు. మొత్తం 420 పౌండ్లు. తీసేయడం కంటే 120 ఎక్కువ, కొత్తదాని కంటే 980 తక్కువ.

దీంతో మా కారు పుణ్యాత్మురాలు అయిపోలేదు. అది పాత యూరో 5 బండి. 2021 జూన్ నుంచి బర్మింగ్‌హామ్ నడిబొడ్డున, మిడిల్‌వే రింగు రోడ్డు లోపలికి తీసుకెళ్తే రోజుకి 8 పౌండ్లు కట్టాల్సిందే. ఫిల్టర్ బాగు చేయించినా ఆ లెక్క మారదు. బుల్‌రింగ్‌కి ఇప్పుడు రైల్లో వెళ్తున్నాం. బడికి నడిచే వెళ్తున్నాం, వాన పడితే గొడుగు. నాలాంటి ప్రయాణాలకి డీజిల్ కారు కొనడమే మొదటి తప్పు. తర్వాతి కారు పెట్రోలుదో కరెంటుదో అవుతుంది. మీలో ఎవరైనా బడికీ షాపుకీ తిరగడానికి పాత డీజిల్ చవగ్గా వస్తోందని చూస్తుంటే, ఒకసారి ఆగి ఆలోచించండి. చూడ్డానికి వెళ్తే పర్సులో టిష్యూ పేపరు పెట్టుకెళ్లండి.

పోయిన శనివారం మళ్లీ గుడికి వెళ్లాం. స్పఘెట్టి జంక్షన్ దగ్గర ముగ్గురం డ్యాష్‌బోర్డు వైపే చూశాం. ఏ దీపమూ వెలగలేదు. అన్నయ్యగారు ప్రసాదాల దగ్గరే కనిపించారు. పులిహోర చేతికిస్తుంటే, మా పెద్దాయన గ్యారేజీ నంబరు అడిగి తీసుకున్నారు. ఏం చేస్తారో నేను అడగలేదు. వాళ్ల మనవరాలు వచ్చే నెల ఇండియా నుంచి వస్తోందట.