ఉండాది

టైమ్‌టేబుల్‌లో ఆ సెమినార్ పక్కన '10 సి.టి.' అని ఉంది. మనకు సి.టి. అంటే క్లాస్ టెస్టే. చేరిన వారంలోనే టెస్టేమిటా అని రాత్రంతా నోట్సు తిరగేసి, పొద్దున పదికి పది నిమిషాల ముందే గది దగ్గరికి చేరుకున్నాను. తలుపు తీసే ఉంది, లోపల నరపురుగు లేదు. పదయింది. గది తప్పానేమోనని రెండంతస్తులు ఎక్కి దిగాను. పదీ పన్నెండుకి ఒక్కొక్కరే కాఫీ కప్పులతో రావడం మొదలుపెట్టారు. సరిగ్గా పదింపావుకి ప్రొఫెసర్ వచ్చారు, పాఠం మొదలైంది. టెస్టూ లేదు, గిస్టూ లేదు.

సి.టి. అంటే లాటిన్‌లో 'కుమ్ టెంపొరె' అని పక్కన కూర్చున్న అమ్మాయి చెప్పింది. పది సి.టి. అంటే పదింపావు. ఎస్.టి. అని రాసి ఉంటే మాత్రం ఠంచనుగా పది. రైలు అయిదు నిమిషాలు ఆలస్యమైతే మొహం చిట్లించే మనుషులు చదువుకు మాత్రం పావుగంట వెసులుబాటు ఇచ్చుకున్నారు.

అది 2023 అక్టోబరు. ఊరు జర్మనీ నైరుతి మూలన ఉన్న ట్యూబింగెన్. హైదరాబాద్‌లో లింగ్విస్టిక్స్ ఎం.ఎ. చదువుతూ, ఒక్క సెమిస్టర్ కోసం ఎక్స్‌ఛేంజ్ మీద వెళ్ళాను. ఫీజు ఇక్కడే కట్టాను. అక్కడ కట్టింది సెమిస్టర్ చందా మాత్రమే. డబ్బు దగ్గర కన్సెషన్ ఉంది గానీ కాగితాల దగ్గర లేదు. జర్మనీలో నన్ను నేను పోషించుకోగలనని చూపడానికి నెలకు 934 యూరోల లెక్కన ఆరు నెలల డబ్బు బ్లాక్డ్ అకౌంట్లో వేయాల్సి వచ్చింది. మన లెక్కలో దాదాపు అయిదు లక్షలు. నాయన చిత్తూరు బ్యాంకులో రెండు రోజులు తిరిగి పంపాడు. వీసా చెన్నై కాన్సులేట్ నుంచి వచ్చింది. ఇవన్నీ ఒక ఎత్తయితే 'లర్నింగ్ అగ్రిమెంట్' ఇంకో ఎత్తు. అక్కడ ఏ కోర్సు చదివితే ఇక్కడ దేనికి బదులు లెక్కేస్తారో ముందే రాసుకుని రెండు వైపులా సంతకాలు చేయించుకోవాలి. అక్కడ సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు. తీరా వెళ్ళాక నేను రాసుకున్న వాటిలో రెండు కోర్సులు ఒకే సమయానికి పడ్డాయి. మళ్ళీ కొత్త కాగితం, మళ్ళీ సంతకాలు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, స్టుట్‌గార్ట్‌లో రైలు మారి, ఇంకో గంట ప్రయాణం. ట్యూబింగెన్ స్టేషన్ నుంచి నడిస్తే నెకర్ నది వంతెన వస్తుంది. వంతెన మీద నుంచి చూస్తే నీళ్ళ అంచునే పసుపు, గులాబీ రంగు ఇళ్ళు భుజాలు ఆనించుకుని నిలబడి ఉంటాయి. వాటి వెనక గుట్ట మీద కోట. ప్రయోగశాలగా మార్చిన ఆ కోట వంటగదిలో పనిచేస్తూనే 1869లో ఫ్రెడ్రిక్ మీషర్ మొదటిసారి మనం ఇప్పుడు డీఎన్‌ఏ అంటున్న పదార్థాన్ని వేరుచేశాడు. 1477లో పుట్టిన యూనివర్సిటీ ఇది. గోడ కట్టి, గేటు పెట్టిన క్యాంపస్ లేదు. ఊళ్ళో కలిసిపోయి ఉంటుంది. ఒక సందులో క్లాసు, ఇంకో సందులో లైబ్రరీ, మధ్యలో కూరగాయల సంత.

నా హాస్టలు ఊరి పైన గుట్ట మీద, వాల్డ్‌హాయిజర్ ఓస్ట్‌లో. అందరూ పొడి అక్షరాల్లో డబ్ల్యూహెచ్‌ఓ అనేస్తారు. 'డబ్ల్యూహెచ్‌ఓలో ఉంటున్నా' అని మొదటి రోజు ఫోన్లో చెబితే, అమ్మ వీధి వీధంతా చెప్పుకొచ్చింది, కూతురికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూమిచ్చిందని.

అక్కడి వంటగది గోడ మీద ఒక చార్టు ఉండేది. ఏ వారం ఎవరు స్టవ్ తుడవాలి, చెత్త ఏ డబ్బా ఎవరు దింపాలి అని. ఆ ప్రాంతంలో మెట్లు ఊడ్చే వంతును కూడా వారాల వారీగా ఒక ఇంటి తలుపు నుంచి ఇంకో ఇంటి తలుపుకు పలక మార్చి మరీ గుర్తు చేస్తారు. ఆ వంటగదిలోనే ఒక గుంటూరు అబ్బాయి పరిచయమయ్యాడు. నాలా కాదు, నేరుగా మాస్టర్స్‌లో చేరినవాడు. ట్యూబింగెన్ ఉన్న రాష్ట్రంలో యూరప్ బయటి నుంచి వచ్చినవాళ్ళు సెమిస్టర్‌కు 1,500 యూరోలు ఫీజు కట్టాలి. ఎక్స్‌ఛేంజ్ వాళ్ళకు అది లేదు. అతనిలా వచ్చినవాళ్ళు మన సర్టిఫికెట్లు నిజమైనవేనని ఏపీఎస్ అనే తనిఖీ కేంద్రం దగ్గర ముద్ర వేయించుకోవాలి, చదువుతూ పనిచేసే రోజులు ఏడాదికి 120 దాటకూడదన్నది అప్పటి నియమం. పప్పు తిరగమోత పెడుతూ అన్నాడతను, "మీది పెళ్ళికొచ్చినట్టండీ, మాది కాపరానికొచ్చినట్టు." అది నిజం. నేను పెళ్ళి భోజనం తిని వెళ్ళిపోయేదాన్ని. అతను ఆ ఊరి చలికి, ఆ భాషకు, ఆ అద్దెకు ఒదిగి బతకాల్సినవాడు.

పెళ్ళికొచ్చినవాళ్ళని కూడా క్లాసులో ఎవరూ ప్రత్యేకంగా చూడరు. అందరితో పాటే కూర్చోవాలి, అందరిలాగే ముందు రాత్రి చదివి రావాలి. సెమినార్ అంటే ప్రొఫెసర్ చెబితే రాసుకోవడం కాదు. వారానికొకరు ఒక వ్యాసం చదివి వచ్చి మాట్లాడతారు, మిగతావాళ్ళు తప్పులు పడతారు. బాగుంటే చప్పట్లు కొట్టరు, వేళ్ళ కణుపులతో బల్ల మీద కొడతారు.

నవంబరులో నా వంతు వచ్చింది. తెలుగు క్రియల గురించి మాట్లాడాలి. బోర్డు మీద ఒక వరస రాశాను: ఉన్నాను, ఉన్నావు, ఉన్నాడు, ఉంది, ఉన్నారు. ప్రొఫెసర్ చూసి అడిగారు, "ఇది పుస్తకంలోది. మీ ఇంట్లో ఏమంటారు?"

నోరు పెగల్లేదు. మాది చిత్తూరు దగ్గర పల్లె. హైదరాబాద్ హాస్టల్లో మొదటి నెలలో 'అమ్మ ఊళ్ళోనే ఉండాది' అన్నందుకు ఏడాది పాటు నన్ను 'ఉండాది' అని పిలిచారు. ఆ తర్వాత ఆ మాటను ఇంటికి వెళ్ళే బస్సులో తప్ప బయటికి తీయలేదు. ఇప్పుడు ఇంత దూరం వచ్చి, తెలుగు ముక్క రాని పన్నెండు మంది ముందు దాన్ని రాయాలి. రాశాను: ఉండాను, ఉండావు, ఉండాడు, ఉండాది, ఉండారు.

ప్రొఫెసర్ రెండు వరసలూ కాసేపు చూశారు. మొదటి వరసలో 'ఉంది' కింద గీత గీశారు. "నాలుగు చోట్ల ఒకలా ఉండి, ఇక్కడొక్కటే వేరుగా ఉంది. రెండో వరసలో ఆ తేడా లేదు. రెండింట్లో ఏది క్రమంగా ఉంది?" అన్నారు. క్లాసు మొత్తం రెండోదని చెప్పింది. ఏడాది పాటు నన్ను వెక్కిరించిన మాట, ఆ బోర్డు మీద వరస తప్పకుండా నిలబడి ఉంది.

క్లాసయ్యాక ఊరెక్కడని అడిగారు. చిత్తూరు అనగానే, "గుండర్ట్ పెళ్ళి చేసుకున్న ఊరు!" అన్నారు. మా ఊరి వాళ్ళకే తెలియని సంగతి అది. హెర్మన్ గుండర్ట్ 1835లో ట్యూబింగెన్లోనే డాక్టరేట్ పుచ్చుకుని, మరుసటి ఏడాది ఇండియాకు ఓడెక్కిన కుర్రాడు. కొన్నాళ్ళు చిత్తూరులో ఉన్నాడు. 1838 జూలైలో జూలీ ద్యుబ్వాను అక్కడే పెళ్ళాడాడు. తర్వాత మలబారు వెళ్ళి, మలయాళానికి వ్యాకరణం, 1872లో నిఘంటువు రాశాడు. ఆయన సేకరించిన రాతప్రతులు ఈ యూనివర్సిటీ లైబ్రరీలోనే ఉన్నాయి. చర్చి ఎదుట హోల్ట్‌స్‌మార్క్ట్‌లో ఉన్న పాత పుస్తకాల కొట్టులో ఆయన మనవడు, రచయిత హెర్మన్ హెస్సే 1895 నుంచి నాలుగేళ్ళు పనిచేశాడు. రోజూ ఆ కొట్టు ముందు నుంచే క్లాసుకు వెళ్ళేదాన్ని.

ట్యూబింగెన్ నుంచి మా ఊరికి వచ్చి, అంగట్లో, చావట్లో మనుషులు మాట్లాడేది చెవిన వేసుకున్న ఆ కుర్రాడిని తలుచుకుంటే కొంచెం ధైర్యం వచ్చింది. సెమిస్టర్ చివర్లో పదిహేను పేజీల హౌస్‌ఆర్బైట్ రాయాలి, పరీక్షకు బదులు. 'ఉండు' మీద రాస్తానన్నాను.

అప్పటి నుంచి మా అవ్వే నాకు లైబ్రరీ. శీతాకాలంలో మనకూ వాళ్ళకూ నాలుగున్నర గంటల తేడా. మధ్యాహ్నం మూడున్నరకి, అక్కడ చీకటి దిగబోతుండగా, చిత్తూరులో రాత్రి ఎనిమిదికి ఫోన్ చేసేదాన్ని. "ఎట్లుండావు మే? ఆడ సలి జాస్తి గదా, బువ్వ తిన్నావా?" అనేది. నేను జవాబు చెప్పకుండా కాగితం మీద 'ఉండావు' రాసుకునేదాన్ని. ఏం తిన్నావే అంటే ఒక రోజు చెప్పాను, ఇక్కడి క్యాంటీన్ మెన్సాలో మన పప్పులాంటిదే పెడతారు, కానీ వెనిగర్ పోసి, పిండి సేమ్యాతో కలిపి తింటారని. అవతల చాలాసేపు మాట లేదు. "తప్పు చేసిండాది ఎవురో" అంది చివరికి. దాన్ని కూడా రాసుకున్నాను.

ఫిబ్రవరిలో సెమినార్ ముగిసింది. చివరి రోజు నేను మాట్లాడి కూర్చున్నాక బల్లలు టకటకలాడాయి. హౌస్‌ఆర్బైట్‌కు 1.3 వచ్చింది. అక్కడ 1.0 అన్నిటికన్నా గొప్ప మార్కు, 4.0 దాకా పాసే, 5.0 అయితే ఫెయిల్.

ఆ లెక్క మన దగ్గర ఎక్కించడానికి మూడు నెలలు పట్టింది. ఆఫీసు కౌంటర్లో ఆయన కాగితం చూసి, "పదికి ఒకటీ పాయింట్ మూడా? ఏం తల్లీ, అంత డబ్బు తగలేసి ఫెయిలయి వచ్చావా?" అన్నాడు జాలిగా. లర్నింగ్ అగ్రిమెంట్, మార్కుల పద్ధతి రాసిన కాగితం, ప్రొఫెసర్ ఉత్తరం అన్నీ పెట్టాక, నాలుగో సారికి పని అయింది.

ఎండాకాలం సెలవుల్లో ఊరికి వెళ్ళాను. హౌస్‌ఆర్బైట్ ప్రింటు అవ్వ ఒళ్ళో పెట్టాను. కళ్ళద్దాలు పెట్టుకుని, చదవడం రాకపోయినా, పేజీలన్నీ తిప్పింది.

"ఏం రాసినావు మే దీంట్లో?"

"నువ్వు మాట్లాడేదే రాసినా అవ్వా."

కాగితాలు మడిచి నాకిచ్చేసింది. "నేను మాట్లాడేదానికి నువ్వు అంత దూరం పోవల్లా?"

జవాబు తోచలేదు. సంచిలోంచి నోట్‌బుక్ తీసి 'పోవల్ల' అని రాసుకున్నాను.