షుఐబా నీళ్లు, మన మోకాళ్లు

ఫహాహీల్ దాటి 30వ నంబరు రోడ్డు మీద దక్షిణంగా పోతుంటే ఎడమవైపు ఉండవలసిన సముద్రం కనపడదు. పొగగొట్టాలు, గుండ్రటి చమురు ట్యాంకులు, కొసన మంట వెలిగే పొడుగాటి గొట్టాలు కనపడతాయి. అదే షుఐబా. కువైట్ నగరం నుంచి సుమారు 50 కిలోమీటర్లు. మనవాళ్లలో చాలామందికి షుఐబా అంటే ఉద్యోగం చేసే చోటు, లేదా ఉద్యోగం చేసే మనిషిని దింపి తిరిగివచ్చే గేటు. చూడదగ్గ ఊళ్ల పట్టికలో దాని పేరు ఎవరూ రాయరు. కిందటి నెల ఒక శుక్రవారం మేము పనిగట్టుకొని అక్కడికి వెళ్లాము. వెళ్లడానికి కారణం ఒక టబ్బు!

సంగతేమిటంటే, మంగఫ్‌లో ఉండే ఇంజనీరు మిత్రులొకరి ఇంటికి నరసాపురం నుంచి వారి అమ్మగారు వచ్చారు. 68 ఏళ్ల మనిషి. మోకాళ్లు అరిగాయి. పదిహేనేళ్లుగా చక్కెర వ్యాధి ఉన్నది. ఆమెకోసం గాలి ఊది నిలబెట్టే పెద్ద టబ్బు, అడుగునుంచి వేడినీటి బుడగలు వచ్చేది, కొని బాల్కనీలో పెట్టాలని వారి ఆలోచన. “ఏ రకం మంచిదంటారు డాక్టరుగారూ?” అని అడిగారు. ఈ ప్రశ్న ఈ మధ్య నలుగురైదుగురు అడిగారు కనుక జవాబు అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాము.

మిత్రుల ఉద్యోగం షుఐబాలోనే. “టబ్బు సంగతి తరువాత, ముందు అందులో పోసే నీళ్లు ఎక్కడ పుడుతున్నాయో చూద్దాం రండి” అని కారెక్కించారు.

షుఐబా ఒకప్పుడు సముద్రపు ఒడ్డున చిన్న పల్లె. 1960 తరువాతి సంవత్సరాలలో ప్రభుత్వం దానిని పారిశ్రామిక ప్రాంతంగా మార్చి రేవు కట్టింది. 1968లో రిఫైనరీ మొదలైంది. శుద్ధి పనులన్నిటిలో హైడ్రోజన్ వాడే తొలి రిఫైనరీగా దానికి ప్రపంచంలో పేరుండేది. అర్ధ శతాబ్దం నడిచిన తరువాత 2017లో దానిని మూసివేశారు. 1997 నుంచి ఈక్వేట్ వారి పెట్రోకెమికల్ కర్మాగారం నడుస్తున్నది. వీటి పక్కనే ఉన్నాయి కరెంటు, మంచినీరు కలిపి తయారుచేసే కేంద్రాలు: షుఐబా ఉత్తరం, షుఐబా దక్షిణం. ఉత్తర కేంద్రం 1990–91 దురాక్రమణలో ధ్వంసమైతే తరువాత మళ్లీ కొత్తగా కట్టారు. లోపలికి అందరినీ పోనివ్వరు. ఫోటోలు తీయడం నిషేధం. కనుక కంచె బయట రోడ్డు మీదనుంచి చూస్తూ మిత్రులు చెప్పింది విన్నాము.

కువైట్‌లో ఒక్క నది లేదు. 1950కి ముందు తాగే నీళ్లు చాలావరకు షత్-అల్-అరబ్ నుంచి పడవల్లో వచ్చేవి. 1953లో షువైఖ్‌లో సముద్రపు నీటిని బట్టీ పట్టడం మొదలుపెట్టారు. షుఐబాలో జరిగే పని కూడా అదే. కరెంటు తీసిన తరువాత మిగిలిన ఆవిరి వేడితో సముద్రపు నీటిని కాచి, వరుసగా ఉన్న గదులలోకి వదులుతారు. ఒక గది కంటే తరువాతి గదిలో గాలి ఒత్తిడి తక్కువ. ఎత్తయిన కొండల మీద నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కదా, అదే సూత్రం. ప్రతి గదిలోకి రాగానే కొంత నీరు భగ్గున ఆవిరవుతుంది. అన్నం గిన్నె మూతకు చెమ్మ పట్టినట్లు ఆ ఆవిరి చల్లని గొట్టాలకు పట్టి చుక్కలుగా కారుతుంది. ఉప్పు వెనక ఉండిపోతుంది. ఆ నీటికి రుచి ఉండదు కనుక భూమిలోని ఉప్పదనపు నీరు కొద్దిగా కలిపి ఊళ్లకు పంపుతారు. మన ఇంటి కుళాయిలో వచ్చే నీళ్లు ఈ తీరం మీద ఏదో ఒక కేంద్రంలో చమురో గ్యాసో మండించి తీసినవే. బిల్లులో కనపడే ధర అసలు ఖర్చులో చిన్న భాగం, మిగిలినది ప్రభుత్వం భరిస్తున్నది.

తిరిగి వస్తూ దారిలో ఒక బకాలా దగ్గర ఆగాము. అక్కడ రాజంపేట వైపు కుర్రవాళ్లు ఇద్దరు, ఒక పెద్దాయన టీ తాగుతున్నారు. ప్లాంటు షట్‌డౌన్ పనికి వచ్చారట. ఇనుప గొట్టాలతో పరంజా కట్టడం వారి పని. మేము డాక్టరమని తెలిసి పెద్దాయన నడుము చూపించారు. మాటల్లో టబ్బు సంగతి వచ్చింది. ఆయన నవ్వి, “మాకు టబ్బు యాడిది సార్, బకెట్టు కోసరమే వరసలో నిలబడాల!” అన్నారు. ఆ మాట ఇంటికి వచ్చినా మమ్మల్ని వదలలేదు. నడుము ఎక్కువ అరిగేది ఆయనది, టబ్బుల గురించి అడుగుతున్నది మనం.

సరే, నీళ్లు నిజంగా ఏమి చేస్తాయో చెప్పుకుందాం. మనకు ఇది కొత్త విద్య కాదు. జర్మనీ దేశపు లూయీ కూనే రాసిన జలచికిత్స పుస్తకం 1894లోనే తెలుగులోకి వచ్చింది. కుమారుడు మణిలాల్‌కు జ్వరం వచ్చినప్పుడు కూనే పద్ధతిలో తొట్టి స్నానాలు చేయించానని గాంధీగారు ఆత్మకథలో రాసుకున్నారు. అయితే నీటితో సకల రోగాలూ పోతాయన్న మాట మేము చెప్పలేము. కీళ్లకూ కండరాలకూ మాత్రం నీరు మూడు పనులు చేస్తుంది.

మొదటిది, బరువు మోస్తుంది. 60 కిలోల మనిషి నడుము లోతులో నిలబడితే కాళ్ల మీద పడేది సుమారు సగమే, 30 కిలోలు. రొమ్ము లోతులో 20 కిలోల ప్రాంతం. మెడ దాకా దిగితే ఆరేడు కిలోలు. నేల మీద రెండడుగులు వేయలేని మోకాలు అక్కడ పదినిమిషాలు నడుస్తుంది. రెండవది, నీరు ఒంటిని అన్నివైపులా ఒత్తుతుంది. కాళ్ల వాపు కొంత తీస్తుంది, తూలిపోకుండా పట్టుకుంటుంది. అదే ఒత్తిడి కాళ్లలోని రక్తాన్ని గుండె వైపు నెడుతుంది కనుక గుండె బలహీనంగా ఉన్నవారికి ప్రమాదం కూడా. మూడవది, వెచ్చదనం బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది.

మోకాలు, తుంటి అరుగుదల ఉన్నవారు నీటిలో వ్యాయామం చేస్తే ఎంత మేలని 13 పరిశోధనలను, దాదాపు 1200 మంది రోగుల వివరాలను కలిపి 2016లో పరిశీలించారు. నొప్పీ, ఇబ్బందీ కొద్దిగా తగ్గాయి, అదీ కొంతకాలం వరకు. ఇక్కడ ఒక్క మాట గమనించండి: మేలు చేసింది నీటిలో వ్యాయామం. ఊరికే నానితే హాయిగా ఉంటుంది, ఆ హాయి టవలు ఆరేలోపు పోతుంది. కనుక టబ్బును మూడు ప్రశ్నలు అడగండి. లోతు ఉన్నదా? వేడి సరిగ్గా ఉంటుందా? అందులో కాలు కదిలించే చోటున్నదా?

మన ఫ్లాట్లలో ఉండే మామూలు టబ్బుకు లోతు లేదు, కదలికకు చోటు లేదు. వెచ్చదనం ఒక్కటే ఇస్తుంది. పైగా దాని అంచు దాటడమే మోకాళ్ల నొప్పి ఉన్నవారికి పెద్ద గండం. అడుగున రబ్బరు చాప, గోడకు గట్టి పిడి, అంచు మీదుగా వేసే స్నానపు బల్ల, ఈ మూడూ లేకుండా పెద్దవారిని అందులో దించవద్దు. పక్కన తలుపు ఉండే టబ్బులు వస్తున్నాయి. దిగడం సులువే, కాని మనిషి లోపల కూర్చున్న తరువాతే నీళ్లు నింపాలి, నీళ్లన్నీ పోయేదాకా తడి ఒంటితో కూర్చోవాలి. తలుపు లోపలికి తెరుచుకునే రకమైతే, లోపలి మనిషి సొమ్మసిల్లినప్పుడు నీటి ఒత్తిడికి అది తెరుచుకోదు. బయటికి తెరుచుకునేదే మేలు.

బుడగల టబ్బుల గొట్టాలలో నీరు నిలిచిపోతుంది. ఆ గోరువెచ్చని మురుగులో చర్మాన్ని, ఊపిరితిత్తులను పట్టే సూక్ష్మజీవులు పెరుగుతాయి. క్లోరిన్ కొలిచి వేసే ఓపిక లేనివారు అది కొనకండి. కరెంటుతో నడిచేది ఏదైనా ఎర్తు సరిగ్గా ఉండాలి. 30 మిల్లీయాంపులకే కరెంటు ఆపేసే బ్రేకరు తప్పనిసరి. ఇక గాలి టబ్బు. లీటరు నీరు కిలో బరువు. 900 లీటర్ల టబ్బులో ఇద్దరు కూర్చుంటే టన్ను దాటుతుంది, అంటే చిన్న కారంత. బాల్కనీలో కారు నిలుపుతామా?

వేడి సంగతి మన దేశం కంటే ఇక్కడ ఎక్కువ జాగ్రత్త. వేసవిలో మేడ మీది ట్యాంకు ఎండకు కాగి, చల్లనీళ్ల కుళాయిలోనే సలసల కాగే నీళ్లు వస్తాయి. హీటరు ఆపేసి, ఇంట్లో చల్లబడిన ఆ హీటరు నీళ్లే చన్నీళ్లుగా వాడుకోవడం మనందరం నేర్చిన చిట్కాయే. చక్కెర వ్యాధి వల్ల పాదాల స్పర్శ తగ్గినవారికి బొబ్బ లేచినా తెలియదు. నీటిని వారి పాదంతో కాదు, థర్మామీటరుతో చూడండి. 36 నుంచి 38 డిగ్రీలు చాలు, 40 ఎప్పుడూ దాటవద్దు. పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. రక్తపోటు మాత్రలు వేసుకునేవారు టబ్బులోంచి చటుక్కున లేవకూడదు, కళ్లు తిరుగుతాయి. గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు, మూర్ఛ, జ్వరం, మానని పుండు ఉన్నవారు, గర్భిణులు తమ డాక్టరును అడగకుండా వేడి నీటిలో దిగవద్దు.

మిత్రుల అమ్మగారి పాదాలు మేము పరీక్షించాము. కుడి పాదంలో స్పర్శ బాగా తగ్గింది. గాలి టబ్బు మానిపించాము. ఇంట్లో ఉన్న టబ్బుకే పిడి, బల్ల, చాప అమర్చారు. “పోనీలే నాయనా, మా గోదారి రేవులో మెట్ల మీద కూర్చున్నంత హాయి దేనికీ రాదు” అన్నారామె. నిజమే, రేవులో మెట్లున్నాయి, లోతున్నది, నడవడానికి చోటున్నది.

ఆ మాటతోనే మాకు సముద్రం గుర్తుకు వచ్చింది. ఆసుపత్రులలో వ్యాయామం చేయించే కొలనులను 33 నుంచి 35 డిగ్రీల దాకా వేడిచేసి ఉంచుతారు. మన ఈ గల్ఫు నీరు వేసవి నడిమిలో 30 దాటి, ఆగస్టులో దానంతట అదే 33 ప్రాంతానికి వస్తుంది. మామూలు సముద్రం కంటే ఉప్పదనం కూడా ఎక్కువ, కనుక మనిషిని ఇంకొంచెం తేలుస్తుంది. లోతు, వేడి, చోటు మూడూ ఉన్నాయి, పైసా ఖర్చు లేదు. షుఐబా దగ్గర మాత్రం దిగకండి. అది రేవు, కర్మాగారాల నీళ్లు వదిలే చోటు. ఫహాహీల్, మంగఫ్ వైపు, పదిమందీ స్నానం చేసే తీరానికి వెళ్లండి. తీరం బాగాలేదని అధికారులు చెప్పిన రోజున మానండి.

పొద్దు కుంకిన తరువాత, ఇద్దరికి తక్కువ కాకుండా, రొమ్ము లోతు దాటకుండా దిగండి. కాళ్లకు రబ్బరు చెప్పులు ఉండాలి, గవ్వలు కోస్తాయి. ఐదు నిమిషాలు ముందుకీ వెనక్కీ నడక. తరువాత పక్క అడుగులు. నిలుచున్నచోటే మడమలెత్తడం పదిసార్లు. చేతులు పట్టుకొని సగం గుంజిళ్లు పదిసార్లు. మొత్తం ఇరవై నిమిషాలు, వారానికి మూడు రోజులు. బయటికి వచ్చి మంచినీళ్లతో కాళ్లు కడుక్కొని వేళ్ల సందులు తుడుచుకోవాలి, తాగడానికి నీళ్లు వెంట ఉండాలి. మేలు తెలియడానికి నెలన్నర పడుతుంది, వారానికే విసుగుపడవద్దు.

జూన్ మొదటి శుక్రవారం నుంచి సాయంత్రాలు మేము మంగఫ్ తీరంలో ఉంటాము. పెద్దవారిని తీసుకురండి, వారి మందుల చీటీ కూడా తెండి. ఇంకొక మనవి. బకాలా దగ్గర కలిసిన పెద్దాయన వంటివారు మహబూలాలో, మంగఫ్‌లో మన వీధి చివరనే ఉంటున్నారు. వారికి సముద్రం దూరం కాదు, పక్కన ఒక మనిషి తోడూ, ఎలా చేయాలో చెప్పేవారూ కావాలి. శుక్రవారం వచ్చేటప్పుడు కారులో ఖాళీ సీట్లు అలాగే తీసుకురాకండి.