వెనక షెల్ఫులో రెండు చిల్లులు

ఈ సావనీరుకు ఏదైనా రాసిమ్మని యూనియన్ కార్యదర్శి ఫోను చేసి, "పాత విద్యార్థుల అనుభవాలైతే బాగుంటాయండీ, మావాళ్ళకు స్ఫూర్తిగా ఉంటుంది" అన్నాడు. ఆలోచించి చూస్తే నా దగ్గర స్ఫూర్తి అనదగ్గది ఏమీ కనబడలేదు. ఒక తప్పు మాత్రం ఉంది. అది ఈ కాలేజీలో నేర్చుకున్న చదువుతోనే చేశాను గనక ఇక్కడ ఒప్పుకోవడమే న్యాయం.

1989 వేసవి. మూడో సంవత్సరం ఎలక్ట్రానిక్స్ పరీక్షలు రాసి బెజవాడ వెళ్ళాను. మా నాన్నకు ఒక అంబాసిడర్ టాక్సీ ఉండేది. మా ఇంటద్దె, మా బియ్యం, నా హాస్టలు మెస్సు బిల్లు - అన్నీ ఆ కారు చక్రాల మీదే తిరిగేవి. అందులో డాష్‌బోర్డు కింద ఒక కాసెట్ ప్లేయరు, వెనక అద్దం కింద ఉండే షెల్ఫు మీద చిన్న పెట్టెల్లో రెండు నాలుగంగుళాల స్పీకర్లు. వాటిలోంచి ఘంటసాల పాడితే పాపం ఆయనకు పడిశం పట్టినట్లుండేది.

ఆ మే నెలలోనే "గీతాంజలి" విడుదలైంది. ఎక్కడ విన్నా ఇళయరాజా పాటలే. నేనూ కాసెట్ కొని తెచ్చి కారులో పెట్టాను. గొంతులు వినబడ్డాయి, వయొలిన్లు వినబడ్డాయి, బేస్ గిటారు మాత్రం లేదు! హాస్టల్లో నా స్నేహితుడి స్టీరియోలో గుండెల మీద తట్టినట్లు మోగిన గిటారు మా కారు ఎక్కేసరికి మాయమైపోయింది.

అప్పుడు నాలోని ఇంజనీరు నిద్ర లేచాడు. కాగితం మీద లెక్క వేశాను. నాలుగంగుళాల గుండ్రటి స్పీకరు వైశాల్యం సుమారు పన్నెండున్నర చదరపు అంగుళాలు. ఆరు బై తొమ్మిది కోలస్పీకరు తీసుకుంటే నలభై రెండు దాటుతుంది. అంటే మూడు రెట్లకు పైనే. కింది స్థాయి శబ్దానికి ఈ వైశాల్యమే ప్రాణం. ఎందుకంటే, శబ్దం గట్టితనం మారకుండా పౌనఃపున్యం సగానికి దిగాలంటే స్పీకరు నాలుగు రెట్ల గాలిని కదపాలి. చిన్న స్పీకరు ఎంత గింజుకున్నా ఆ పని చెయ్యలేదు.

మెరిట్ స్కాలర్‌షిప్పులో మిగిల్చుకున్న డబ్బుతో ఒక జత కోలస్పీకర్లు కొన్నాను. అట్టపెట్టె మీద "40 వాట్లు" అని పెద్ద అక్షరాలు. పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద నడిచే ఆనాటి మామూలు ప్లేయరు, నాలుగు ఓముల స్పీకరుకు, శబ్దం చెడకుండా ఇవ్వగలిగేది నాలుగున్నర వాట్లు మాత్రమే. ఆ లెక్క నాకు తెలుసు. తెలిసినా ఆ నలభైని చూసి మురిసిపోయాను.

"షెల్ఫుకు చిల్లులు పెట్టాలి నాన్నా" అన్నాను.

నాన్న కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "బండికి చిల్లు పెట్టడం నాకిష్టం లేదురా. ఐనా పాట వినబడుతోందిగా?"

"వినబడ్డం వేరు, వినడం వేరు" అన్నాను. ఇరవై ఏళ్ళ వయసులో ఇలాంటి మాటలు ఎక్కణ్ణుంచి వస్తాయో గాని, ధారాళంగా వస్తాయి.

నాన్న నవ్వి తాళాలు ఇచ్చాడు.

ఆటోనగర్‌లో టింకరు మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాను. అట్ట మీద గీసుకెళ్ళిన కోడిగుడ్డు ఆకారం చూసి ఆయన "రేకు కొయ్యడం రెండు నిమిషాల పని. మళ్ళీ అతికించమంటే మాత్రం నా వల్ల కాదు. ఆలోచించుకో అబ్బాయ్" అన్నాడు. నేను ఆలోచించుకోలేదు. పైన అద్దం వాలుకు జాలీ తగలకుండా, కింద మాగ్నెట్ డిక్కీలో సామాను తగలకుండా కొలతలు తీశాం. ఉలితో రేకు తెగుతుంటే నాకే ఒళ్ళు జలదరించింది. అంచులు ఆకురాయితో అరగదీసి, పైన ప్లైవుడ్ చెక్క బిగించి, దాని మీద స్పీకర్లు కూర్చోబెట్టాం.

చిల్లులు పెట్టి స్పీకర్లు బిగిస్తే ఐపోదు. స్పీకరు ముందుకు తోసినప్పుడు దాని ముందు గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పల్చబడుతుంది. ముందూ వెనకా శబ్దాలు కలుసుకున్నాయా, ఒకదాన్నొకటి తినేస్తాయి. కింది స్థాయి శబ్దాల తరంగాలు గజాల పొడవుంటాయి గనక ఏ చిన్న సందు దొరికినా చుట్టు తిరిగి వచ్చి కలుస్తాయి. అందుకే మధ్య గోడ కావాలి. కారులో డిక్కీయే ఆ పెట్టె, షెల్ఫే ఆ గోడ. మా కారులో సీటుకూ డిక్కీకీ మధ్య సందులు చాలా ఉన్నాయి. హార్డుబోర్డు ముక్కలు కోసి, పాత ట్యూబు రబ్బరు కుక్కి అన్నీ మూశాను.

ఇంత చేసి ప్లేయరు పెడితే బేస్ మళ్ళీ లేదు! మేస్త్రి నవ్వాడు. టార్చిసెల్లు తెచ్చి తీగల చివర ఆనించి చూస్తే, ఒక స్పీకరు బయటికి వస్తోంది, రెండోది లోపలికి పోతోంది. ఒకదానికి తీగలు తిరగేసి కలిపాను. ఒకటి తోస్తుంటే రెండోది లాగుతోందన్నమాట. తీగలు సరిచేసి మళ్ళీ పెట్టాను. మొదటి గిటారు మోతకు వెనక అద్దం అదిరింది. చుట్టుపక్కల షెడ్లలో కుర్రాళ్ళు స్పానర్లు వదిలేసి వచ్చి నిలబడ్డారు. నా జీవితంలో పరీక్షల ఫలితాలు కూడా అంత సంతోషం ఇవ్వలేదు.

ఇక్కడ మా నాన్న గురించి ఒక సంగతి చెప్పాలి. ఆయన కారును చెవులతో నడిపేవాడు. "టాపెట్లు కొట్టుకుంటున్నాయి", "క్లచ్చి బేరింగు అరుస్తోంది" అని కూర్చున్నచోటే చెప్పేవాడు. మెకానిక్ విప్పి చూస్తే నూటికి తొంభై సార్లు అదే. స్పీకర్లు పెట్టాక పాటలు విని "బాగుందిరా" అన్నాడు. తరవాత వాల్యూము తగ్గించి, "బండి కూడా ఏదో చెప్తుంటుందిగా, దాన్నీ కాస్త చెప్పనియ్యాలి" అన్నాడు. అది మెచ్చుకోలు కాదని అప్పుడు నాకు తట్టలేదు.

వారం తరవాత ద్వారకా తిరుమలకు బేరం వచ్చింది. చంటిపిల్లకు అన్నప్రాసన. తల్లీ తండ్రీ, అమ్మమ్మా, మేనమామా. స్పీకర్ల గొప్ప చూపించుకోవాలని ముందు సీట్లో నేనూ ఎక్కాను. మేనమామకు నా వయసే. ఊరు దాటకముందే "సౌండు పెంచు బాస్" అన్నాడు. పెంచాను. నాన్న తగ్గించాడు. గన్నవరం దాటాక నేను మళ్ళీ పెంచాను. నాన్న మళ్ళీ తగ్గించి తల కొంచెం పక్కకు వంచాడు.

"వెనక ఏదో మోత వస్తోందిరా."

నేనూ విన్నాను. సన్నగా, ఎడతెగకుండా, ఊఁ అని ఒక మూలుగు.

"అది బేస్ నాన్నా. కొత్త స్పీకర్లుగా, నీకింకా అలవాటు కాలేదు" అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. ఎలక్ట్రానిక్స్ చదువుతున్న కొడుకు. నమ్మాడు. నేను వాల్యూము పెంచాను.

ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తుంది. పాటలో బేస్ ప్రతి చరణానికీ స్వరం మారుతుంది; ఈ మోత మారలేదు. పాట ఆగి రెండో పాట మొదలయ్యే సందులో కూడా అది ఉంది. కారు వేగం పెరిగితే హెచ్చింది, మలుపులో మారింది. ఇంత గుర్తుపట్టడానికి ఇంజనీరింగు అక్కర్లేదు. నాకున్నదల్లా నా స్పీకర్లు తప్ప ఇంకేమీ మోగకూడదన్న మోహం.

హనుమాన్ జంక్షన్ ఇంకా రాలేదు. కాలిన గ్రీజు వాసన వచ్చింది. కారు వెనక భాగం ఒక్కసారి పక్కకు ఊగింది. నాన్న బ్రేకు గట్టిగా తొక్కకుండా, స్టీరింగు బిగించి పట్టుకుని, మెల్లమెల్లగా రోడ్డు వారకు దింపాడు. ఎదురుగా వచ్చిన లారీ హారను కొట్టుకుంటూ పోయింది. పాట మాత్రం ఇంకా మోగుతూనే ఉంది. నేనే కట్టేశాను.

దిగి చూస్తే ఎడమ వెనక చక్రం వాలిపోయి ఉంది. బేరింగు పగిలి, గుండ్లు కాలి నీలం తిరిగాయి. సరిగ్గా నా ఎడమ స్పీకరు కింద! అమ్మమ్మగారు చంటిదాన్ని గుండెకు హత్తుకుని చెట్టు కింద నిలబడి ఏదో దండకం గొణుక్కుంటోంది. ఆ పిల్ల మాత్రం నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు చూడలేక నేను జాకీ తీసే నెపంతో డిక్కీలో తల దూర్చాను.

నాన్న వాళ్ళకు వేరే కారు మాట్లాడి పంపించాడు. డబ్బు తీసుకోలేదు. ఎనిమిది రోజులు టాక్సీ షెడ్డులో ఉంది. ఆ నెల అద్దె ఆలస్యమైంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును.

మూడో రోజున నేనే "ఆ స్పీకర్లు తీసేద్దాం నాన్నా" అన్నాను.

"తీసేసి ఆ చిల్లులు ఏం చేస్తావు?" అన్నాడు. కాసేపాగి, "స్పీకర్ల తప్పేముందిరా? బాగానే పాడుతున్నాయి. మోత వస్తోందని నాకు తెలిసింది. తెలిసి కూడా నీ మాట విన్నాను. అది నా తప్పు" అన్నాడు.

చదువుకున్న కొడుకు మీద నమ్మకాన్ని ఆయన తప్పు కింద రాసుకున్నాడు. అంతకంటే పెద్ద శిక్ష నాకు ఇంతవరకూ ఎవరూ వెయ్యలేదు.

శలవులు ఐపోయే లోపల ఒక్క పని చేశాను. స్టీరింగు పక్కన, ఆయన చేతికి అందేచోట చిన్న స్విచ్చి బిగించాను. నొక్కితే రెండు స్పీకర్లూ ఒకేసారి మూగపోతాయి. ఆ కారు అమ్మేవరకూ ఆయన బయల్దేరిన పది నిమిషాలకు ఒకసారి, ఆ తరవాత దారిలో అప్పుడప్పుడూ, ఆ స్విచ్చి నొక్కి తల పక్కకు వంచి వినేవాడు. అంతా బాగుందనుకుంటే మళ్ళీ నొక్కేవాడు. పాట వదిలినచోటు కాకుండా నాలుగడుగులు ముందుకు పోయి అందుకునేది. ఎక్కినవాళ్ళు విసుక్కునేవాళ్ళు. ఆయన పట్టించుకునేవాడు కాదు.

అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయింది. నాన్న అంతకుముందే పోయాడు. ఇప్పటి కార్లలో స్పీకర్లు తయారీలోనే అమర్చి వస్తున్నాయి. రేకు కొయ్యాల్సిన పని చాలామందికి లేదు. ఐనా పెద్ద స్పీకర్లు పెట్టించుకునే కుర్రాళ్ళు ఇంకా ఉన్నారు, ఉండాలి కూడా. వాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే: తీగల ప్లస్సూ మైనస్సూ చూసుకోండి, సందులు మూసుకోండి, అట్టపెట్టె మీది వాట్లు నమ్మకండి. ఇవి నాకు ఈ కాలేజీ నేర్పింది. పెద్దవాళ్ళెవరైనా తల వంచి "ఏదో మోత వస్తోంది" అంటే మాత్రం, జవాబు చెప్పకండి. ముందు పాట ఆపండి.