గుండ్లకమ్మ దూకే చోటు

పిల్లలూ, మా కొత్తపట్నానికి ఉత్తరాన గుండ్లకమ్మ సముద్రంలో కలుస్తుంది. అక్కడ దాని నీళ్ళు ఉప్పన. అదే ఏరు పుట్టేది ఎక్కడో పడమట, నల్లమల కొండల్లో, గుండ్లబ్రహ్మేశ్వరం దగ్గర. అది కొండలు దిగి బయటపడే చోటును నెమలిగుండం అంటారు. మా తీరంలో ఆ పేరు విన్నవాళ్ళు తక్కువ. వానలు వెనకబట్టాక, కార్తీకమాసంలో, మా మనవణ్ణీ, పల్లెపాలెం పిల్లలను ఇద్దరినీ వెంటబెట్టుకుని బయలుదేరాను.

ఒంగోలునుంచి గిద్దలూరు చేరేసరికే ఒక పూట గడిచింది. రాచర్ల మీదుగా వెళ్ళి జె. పుల్లలచెరువు దాటితే ఇక అడవే. ఈ కొండల్లో పులులు తిరుగుతాయి. అందుచేత అటవీశాఖవారిని ముందుగా అడగాలి, పగలే వెళ్ళి పగలే తిరిగి రావాలి. చివరి దారి మేము నడిచాం. రెండు పక్కలా టేకు, మద్ది, వెదురు. ఇసుకలో పరుగెత్తే మా పిల్లలకు గులకరాళ్ళ దారి బొత్తిగా నచ్చలేదు.

ఒకచోట దారిపక్క బండమీద సన్నని గట్లు వరసగా, అలలలాగా కనిపించాయి. పల్లెపాలెం పిల్లవాడు వంగి, వేలితో తడిమి, "మాస్టారూ, ఇది మన ఒడ్డు గదా!" అన్నాడు.

ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినా ఇంత చక్కగా చెప్పలేను. పోటు తీశాక మన తీరాన తడి ఇసుకలో మిగిలే గీతలే అవి! నూరు కోట్ల ఏళ్ళకు పైగా పూర్వం ఇక్కడ లోతులేని సముద్రం ఉండేది. దాని ఇసుక పొరలుపొరలుగా పేరుకుని, పైబరువుకూ వేడికీ గట్టిపడి క్వార్ట్‌జైట్ అనే రాయి అయింది. తరవాత భూమి ముడుతలు పడి ఆ రాయే కొండలుగా లేచింది. నీటి గుర్తు మాత్రం చెరగలేదు.

గుండం రెండు కొండల సందున ఉంది. నీరు తెల్లగా దూకి, కింద నల్లగా నిలుస్తుంది. ఒడ్డున రంగనాయకస్వామి గుడి. పిల్లవాడు చొక్కా విప్పాడు. "సముద్రంలో ఈదేవాణ్ణి, నాకిదెంత?" అన్నాడు.

"దిగవద్దు" అన్నాను. లీటరు మంచినీరు వెయ్యి గ్రాములైతే సముద్రపు నీరు సుమారు 1025 గ్రాములు. బరువైన నీరు మనిషిని బాగా తేలుస్తుంది, మంచినీరు అంతగా తేల్చదు. పైగా నీరు దూకేచోట నురుగులో చాలాభాగం గాలే, గాలి మనిషిని మోయదు. రాళ్ళు పాచిపట్టి ఉన్నాయి, లోతు కంటికి తెలియదు. వాడు మొహం ముడుచుకున్నాడు. నేను మాట మార్చలేదు.

కాసేపటికి వాడే ఒక టేకాకు తెచ్చి ప్రవాహంలో వదిలి, "ఇది మనకన్నా ముందు కొత్తపట్నం చేరుతుందా?" అని అడిగాడు.

"కంభం చెరువులో ఆగిపోతుందిరా" అన్నాడు మా మనవడు.

నిజమే. గుండ్లకమ్మకు అడ్డంగా 16వ శతాబ్దంలో కట్టిన చెరువది. వరదరాజమ్మ కట్టించిందంటారు. 2020లో దానికి ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు వచ్చింది. అది దాటినా, మద్దిపాడు దగ్గర మల్లవరం జలాశయం ఉంది. తిరుగు ప్రయాణంలో కంభంలో దిగి, కట్టమీద నిలబడి, ముగ్గురూ ఆ ఆకుకోసం చాలాసేపు వెతికారు.