కొండచూరు క్రింది ఇళ్ళు, వాటిని కాచే పిల్లలు

అమెరికా దేశంలో కొలరాడో రాష్ట్రానికి నైరుతి మూలన మేసా వెర్దే అనే జాతీయ వనం ఉన్నది. స్పానిష్ భాషలో ఆ మాటకు పచ్చని బల్ల అని అర్థం. పేరుకు వనమేగాని జనం అక్కడికి వెళ్ళేది మృగాలను చూడడానికి కాదు, ఇళ్ళను చూడడానికి. కొండ అంచు క్రింద, చూరులాగా ముందుకు వచ్చిన రాతి నీడలో, సుమారు ఎనిమిది వందల సంవత్సరాల క్రితం మనుష్యులు కట్టుకొన్న ఇళ్ళు అవి. వాటిని కాపాడడానికి 1906లో ప్రభుత్వం ఆ కొండను జాతీయ వనంగా ప్రకటించింది. 1978లో యునెస్కో వారు దానిని ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చారు.

2019 జూన్‌లో డెన్వర్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరకు వెళ్ళినప్పుడు మేమిద్దరం ఆ చోటు చూచివచ్చాము. డెన్వర్ నుండి కారులో ఒక పగలంతా ప్రయాణం. దారి సంగతులు వ్రాస్తే పేజీలు చాలవు గనుక విడిచిపెడుతున్నాము.

అన్నిటికంటే పెద్దదానిని క్లిఫ్ ప్యాలెస్ అంటారు. పేరులో ప్యాలెస్ ఉన్నా అది రాజుల మేడ కాదు, రైతుల ఊరు. సుమారు 150 గదులు ఒకదాని భుజం మీద ఒకటి ఆనుకొని ఉన్నాయి. వారు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కొండపైన పండించుకొని, టర్కీ కోళ్ళను పెంచుకొని బ్రతికారు. 1276 మొదలుకొని ఇంచుమించు పాతిక సంవత్సరాలు వానలు సరిగా లేవట. ఈ సంగతి పాత దూలాలలోని వలయాలను లెక్కపెట్టి తెలుసుకొన్నారు. కరువు ఒక్కటే కారణం కాకపోవచ్చునంటారుగాని, 1300 నాటికి ఇళ్ళు ఖాళీ అయినాయి. జనం దక్షిణానికి వలసపోయారు. హోపీ, జూని, ఆకొమ మొదలైన ప్యూబ్లో ప్రజలు వారి సంతతివారే. కరువుకు ఊరు విడిచి వలసపోవడం మన జిల్లాలవారికి వివరించి చెప్పవలసిన సంగతి కాదు.

మాకు దారి చూపించినవారిలోను, గోడల దగ్గర పని చేసేవారిలోను చాలామంది ఇరవై, ఇరవైరెండేళ్ళ పిల్లలు. వారిని ఇంటర్న్‌లు అంటారు. చదువు మధ్యలోగాని, చదువు ముగిసిన వెంటనేగాని కొన్ని నెలలు వచ్చి పని నేర్చుకొంటారు. ఉండడానికి గది, తిండి ఖర్చులకు కొద్దిపాటి భత్యం దొరుకుతుంది. ఒక అమ్మాయి ఎండలో నిలువబడి, దిగవలసిన మెట్లను గూర్చి, ఎక్కవలసిన నిచ్చెనలను గూర్చి వచ్చినవారందరికీ విసుగు లేకుండా చెప్పుచున్నది. మాలో ఒకరి మోకాళ్ళను చూచి, “మెల్లగా రండి, ఇళ్ళు ఎక్కడికీ పోవు” అన్నది. ఒక బాబు నేలమీద కనబడిన పాత కుండపెంకును జేబులో వేసికోబోతే, ఆమె గద్దించక మోకాళ్ళ మీద కూర్చొని, “దీన్ని తీసికొనిపోతే, ఇది ఏ ఇంటిదో తరువాత ఎవరికీ తెలియదు గదా” అన్నది. వాడు తీసినచోటనే పెట్టేశాడు.

ఇలా యౌవనస్థులను వనాలలో పనికి పెట్టడం అక్కడ ఈనాటిది కాదు. 1933 నుండి 1942 వరకు, ఆ దేశంలో పనులు లేక జనం అల్లాడిన కాలంలో, ప్రభుత్వం పడుచువారిని దండులుగా చేర్చి వనాలలో పని ఇచ్చింది. మేసా వెర్దేలో కూడా వారి శిబిరాలుండేవి. నెలకు 30 డాలర్లు జీతం, అందులో 25 నేరుగా ఇంటికి పంపేవారు. మాకీ ఏర్పాటు బాగా నచ్చింది. తరువాత ఎలిజబెత్ కుష్మన్ అనే విద్యార్థిని, వనాల సంరక్షణలో విద్యార్థులను వాడుకోవచ్చునని 1955లో తన కాలేజీ వ్యాసంలో వ్రాసింది. 1957లో మొదటి జట్టు వేరే రెండు వనాలలో పనిలోకి దిగింది. 2008 నుండి, ఆకొమ ప్రజల ఊరిలో మొదలైన మరొక ఏర్పాటు చొప్పున, ఆదివాసుల పిల్లలే తమ పితరుల స్థలాలలో పని చేయుచున్నారు.

అటువంటి యౌవనుడొకడు మధ్యాహ్నం చెట్టు నీడలో మా ప్రక్కన కూర్చొని భోజనం చేశాడు. న్యూ మెక్సికోలోని ఒక ప్యూబ్లో గ్రామం అతనిది. గోడల సందులలో రాలిపోయిన మట్టిని మరల నింపడం అతని పని. వెనుకటి తరంవారు ఇటువంటి పాత గోడలను బాగుచేయడానికి సిమెంటు వాడారట. సిమెంటు రాతికంటె గట్టిది గనుక తేమ బయటికి పోక రాయే పొడియై రాలుతుంది. అందుచేత ఇప్పుడు రంగు కుదిరే మట్టిని వెదకి, కలిపి పెడతారు. మట్టిగోడకు సిమెంటు పూత పూసి, రెండు వానలకు అది పెచ్చులూడడం చూచినవారము గనుక మాకు వెంటనే అర్థమైంది. “పాత మట్టిలో ఇప్పటికీ వ్రేళ్ళ గుర్తులున్నాయి. నా వ్రేలు అందులో సరిగా పడుతుంది” అన్నాడతడు. కొంచెం సేపు ఏమీ మాట్లాడలేదు.

తరువాత మా అమ్మాయి అడిగితే మరొక సంగతి చెప్పాడు. 1891లో స్వీడన్ నుండి గుస్తాఫ్ నోర్డెన్‌షోల్డ్ అనే 23 ఏళ్ళ యౌవనుడు వచ్చి ఈ ఇళ్ళలో త్రవ్వకాలు చేశాడు. కుండలు, బుట్టలు, సమాధులలోని ఎముకలు కూడా పెట్టెలలో సర్ది రైలెక్కించబోతే డురాంగో ఊరిలో అతన్ని పట్టుకొన్నారు. అయితే అప్పటికి దానిని నిషేధించే చట్టం లేదు గనుక విడిచిపెట్టారు. అతడు శ్రద్ధగా కొలతలు వేసి, ఫోటోలు తీసి 1893లో మంచి గ్రంథం వ్రాసిన మాట నిజమే. అయినా వస్తువులు మాత్రం చేతులు మారి ఫిన్లాండ్ దేశపు మ్యూజియంకు చేరాయి. “కుండలు సరే, మనుష్యులను కూడా పెట్టెలో పెట్టారు. మా పెద్దలు ఇంకా అడుగుచున్నారు” అన్నాడా పిల్లవాడు. కోపంగా అనలేదు. మన సమాధుల తోటను ఎవరో త్రవ్వి తీసికొనిపోయి దూరదేశంలో అరలలో పెట్టినట్టు తలంచుకొని మాకు అన్నం సహించలేదు.

మేము ఇంటికి తిరిగివచ్చిన తరువాత ఆ సంగతి ఏమైనదో కనిపెట్టి చూచాము. 2019 అక్టోబరులో రెండు దేశాలు ఒప్పుకొన్నాయి. 2020 సెప్టెంబరులో, ప్రపంచమంతా కరోనాతో తలుపులు మూసుకొన్న రోజులలో, ఇరవైమంది అవశేషాలు, వారితో పాతిపెట్టిన 28 వస్తువులు ఫిన్లాండ్ నుండి విమానంలో వచ్చాయి. హోపీ, జూని, ఆకొమ, జియా ప్రజల పెద్దలు వాటిని మేసా వెర్దేలోనే తిరిగి భూస్థాపన చేశారు. ఆ చోటు ఎక్కడో బయటికి చెప్పలేదు.