కొల్లేట్లో చికాగో గాలం

చికాగో నుంచి వచ్చేవాళ్ళు చాక్లెట్లు తెస్తారు, పెర్ఫ్యూములు తెస్తారు. నేను మా మావయ్యకి గాలం తెచ్చాను.

గాలం అంటే మనకి తెలిసిన కర్ర, దారం, బెండు కాదు. అరచేతిలో పట్టేంత రేకు ముక్క. చెంచాకి పిడి విరిచేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఒకవైపు వెండి రంగు, ఇంకోవైపు నారింజ రంగు, చివర మూడు ముళ్ళ కొక్కెం. నీళ్ళలో లాగితే అటూ ఇటూ ఊగుతూ, దెబ్బతిన్న చిన్న చేపలా మెరుస్తుంది. పెద్ద చేప మోసపోయి మింగేస్తుంది. మా అమ్మ దాన్ని చూసి, "అంత దూరం వెళ్ళి చెంచా తెచ్చావా?" అంది.

ప్రాజెక్టు పనిమీద ఎనిమిది నెలలు చికాగోలో ఉన్నాను. మే నెలలో ఒక శనివారం మా టీమ్‌లో ఒకాయన నన్ను మిషిగన్ సరస్సు మీదికి తీసుకెళ్ళాడు. అక్కడ మే అంటే ఎండాకాలం ఇంకా గుమ్మం దగ్గరే ఉంటుంది. జాకెట్ వేసుకున్నా తెల్లవారుజామున పళ్ళు టకటకలాడాయి. వాళ్ళు చేపలు పట్టే పద్ధతి పేరు ట్రోలింగ్. పడవని మనిషి నడిచినంత నెమ్మదిగా పోనిస్తూ, వెనకాల నాలుగైదు గాలాలు లాగుతారు. సీసపు గుండు కట్టి కావలసిన లోతుకి దింపుతారు. చేప ఏ లోతులో ఉందో తెరమీద కనిపిస్తుంది. ఆ పొద్దున మూడు కోహో సాల్మన్లు, ఒక స్టీల్‌హెడ్ ట్రౌట్ పడ్డాయి. నేను చేసిందల్లా నా చేతికిచ్చిన రీలు తిప్పడమే. ఫొటోల్లో మాత్రం చేప నా చేతుల్లోనే ఉంది.

ఒడ్డుకి వస్తుంటే ఆయన ఒక సంగతి చెప్పాడు. ఆ సాల్మన్ అసలు ఆ సరస్సు చేపే కాదట. సముద్రం నుంచి కాలువల దారిన ఎల్‌వైఫ్ అనే చిన్న చేప వచ్చి సరస్సంతా నిండిపోయింది. 1967లో అవి చచ్చి, కుప్పలు కుప్పలుగా చికాగో ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. వాటిని తినే చేప కావాలని మిషిగన్ రాష్ట్రం వాళ్ళు 1966లోనే పసిఫిక్ వైపు నుంచి కోహో సాల్మన్ తెచ్చి వదలడం మొదలుపెట్టారు. ఆ మరుసటేడు చినూక్ సాల్మన్ వదిలారు. ఇప్పటికీ పిల్లల్ని వదులుతూనే ఉన్నారు.

ఇది వినగానే మా మావయ్య గుర్తొచ్చాడు. సరస్సులో చేప పిల్లల్ని వదలడం, వాటిని పెంచడం, పట్టడం... మా వైపు అందరికీ తెలిసిన కథే కదా.

మాది ఏలూరు. అమ్మమ్మగారి ఊరు కొల్లేటి లంక గ్రామాల్లో ఒకటి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పళ్ళెంలా ఉంటుంది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు లాంటివి నీళ్ళు తెచ్చి పోస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి తీసుకుపోతుంది. చిన్నప్పుడు వేసవి సెలవులంటే నాకు మావయ్య పడవే. నీళ్ళు తగ్గి, చేపలు మిగిలిన మడుగుల్లోకి చేరే రోజులు అవి. మావయ్య మావులు పెట్టేవాడు, వల వేసేవాడు. నాకు మాత్రం గాలం ఇచ్చేవాడు. "వల అందరికీ వస్తుందిరా, గాలం ఓపికున్నోడికే వస్తుంది" అనేవాడు.

1970ల్లో ప్రభుత్వమే కొల్లేట్లో సహకార సంఘాలకి చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. మా తాతకి ఒక సంఘంలో వాటా ఉండేది. తర్వాత తర్వాత లీజులు వచ్చాయి, డబ్బున్నవాళ్ళు వచ్చారు, గట్లు పెరిగాయి. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. 2006లో అభయారణ్యం లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. అప్పుడు నేను చిన్నపిల్లాడిని. దూరంగా గట్టు పేల్చిన చప్పుడు, అరుగుమీద కూర్చున్న తాత మొహం నాకింకా గుర్తు. చెరువు పోయినందుకు ఆయన ఏడవలేదు. నీళ్ళు కలిసినందుకు నవ్వనూ లేదు. "ఇంక మనకేం మిగిల్చారో చూడాలి" అన్నాడంతే.

మావయ్యకి మిగిలింది కాపలా ఉద్యోగం. సరస్సుకి అవతల, సొంత పొలంలో తవ్విన ఒక చెరువు దగ్గర రాత్రిళ్ళు టార్చిలైటు పట్టుకుని తిరుగుతాడు. కరెంటు పోతే ఏరేటర్ల కోసం జనరేటరు వేస్తాడు. తెల్లారి తవుడు బస్తాలు మోయిస్తాడు. అందులో శీలావతి, బొచ్చె పెరుగుతాయి. పట్టుబడి రోజున ఐసు వేసుకుని లారీల్లో కలకత్తా వెళ్ళిపోతాయి. ఒక చేప కూర కోసం తెచ్చుకోవాలన్నా యజమానిని అడగాలి.

ఇంక నా సంగతి. ఈ ఏప్రిల్‌లో నేను ఊరికి వెళ్ళింది గాలం ఇవ్వడానికి మాత్రమే కాదు. తాడేపల్లిగూడెంలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు నా రూమ్మేట్ ఒకడు ఇప్పుడు చేపల వ్యాపారంలో ఉన్నాడు. "కొల్లేటి అంచున చెరువు దొరుకుతోంది. నాలుగు వాటాలు. నీ వాటా ఆరు లక్షలు. ఏడాది తిరిగేసరికి బ్యాంకు వడ్డీకి నాలుగు రెట్లు" అన్నాడు. ఆన్‌సైట్‌లో దాచిన డబ్బు నా దగ్గర ఉంది. అబద్ధం ఎందుకు, ఆశ పుట్టింది. పైగా నాకు నేనే ఒక మంచి కారణం చెప్పుకున్నాను. మావయ్యని మా చెరువుకే కాపలా పెట్టుకుని, ఇప్పుడొచ్చే జీతానికి రెట్టింపు ఇవ్వొచ్చు కదా!

భోజనాలయ్యాక విషయం చెప్పాను. ఫోన్లో మ్యాపు చూపించాను. మావయ్య ఫోను దగ్గరగా, దూరంగా పెట్టుకుని చూశాడు. "సరే, పొద్దున్నే ఆ వైపే పోదాం. నీ చెంచా కూడా తెచ్చుకో" అన్నాడు.

నాలుగున్నరకి బయల్దేరాం. నీళ్ళు తగ్గిపోయి, పడవకి అడుగున బురద తగులుతోంది. గుర్రపుడెక్క మధ్య సన్నటి దారుల్లో మావయ్య గడ వేస్తుంటే పడవ చప్పుడు లేకుండా జారుతోంది. తూర్పు ఎరుపెక్కేసరికి గూడబాతులు బారులు తీరి ఆటపాక వైపు నుంచి వచ్చాయి. కాస్త ఖాళీ నీళ్ళు కనపడగానే నా చికాగో గాలం తీసి, దారం వదిలి, పడవ వెనకాల లాగడం మొదలుపెట్టాను.

మొదట తూడు పడింది. తర్వాత గుర్రపుడెక్క వేళ్ళు. ఆ తర్వాత ఎవరిదో చిరిగిన వల ముక్క. మావయ్య నవ్వాపుకోలేకపోయాడు.

"అక్కడ నువ్వు పడవ నడపలా, గాలం వెయ్యలా, చేప ఎక్కడుందో టీవీలో చూశావు. మరి పట్టింది ఎవర్రా అల్లుడూ?"

"అక్కడ లోతెక్కువ మావయ్యా. రెండొందల ఎనభై మీటర్లు."

"ఇక్కడ మనిషి లోతు కూడా లేదు. ఇక్కడ చేపని వెతకడం కాదు, చేప ఊపిరి చూడాలి."

కొర్రమీను మిగతా చేపల్లా కాదు. దానికి మొప్పలు ఒక్కటే చాలవు, పైకొచ్చి గాలి పీల్చుకోవాలి. అందుకే నీళ్ళు తక్కువైనా, బురదైనా బతుకుతుంది. ఎండాకాలం చేపల్లో అదే మొనగాడు. అది పైకొచ్చిన చోట నీటిమీద చిన్న సుడి, ఒకటి రెండు బుడగలు కనిపిస్తాయి. మావయ్య గడ ఆపి, పొడవాటి వెదురు గాలానికి బతికున్న పరిగె పిల్లని గుచ్చి, తూడు అంచున నీళ్ళమీద ఆడించడం మొదలుపెట్టాడు.

ఆ మధ్యలో నేను సాల్మన్ కథ చెప్పాను. అంతా విని మావయ్య అడిగాడు.

"అంటే అక్కడ సర్కారు పిల్లల్ని వేస్తే, ఎవరైనా పట్టుకోవచ్చా?"

"లైసెన్సు కొనుక్కుంటే ఎవరైనా పట్టుకోవచ్చు. రోజుకిన్ని అని లెక్కుంటుంది."

"గట్టు లేదా?"

"లేదు మావయ్యా."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. గాలం మాత్రం ఆడిస్తూనే ఉన్నాడు.

ఇంకొంత దూరం పోయాక ఒక పాత గట్టు కనిపించింది. మధ్యలో తెగి, రెండువైపులా తుమ్మచెట్లు, కిక్కిస మొలిచాయి. తెగిన చోటునుంచి నీళ్ళు ఇటూ అటూ ఆడుతున్నాయి. 2006లో కొట్టేసిన గట్టు అది. ఫోన్ తీసి చూశాను. మ్యాపులో నా నీలి చుక్క సరిగ్గా మా ఫ్రెండు గుర్తు పెట్టిన చోట ఉంది. "అంచున" అన్నాడు. అంచు కాదు, లోపలే. చెరువు తవ్వక్కర్లేదు, ఈ తెగిన చోటు పూడిస్తే చాలు. చట్టం ప్రకారం తప్పని వాడికీ తెలుసు, ఆ లీజు ఇస్తానన్నవాడికీ తెలుసు. ఇప్పుడు నాకూ తెలుసు.

"మావయ్యా, ఇదేనా..."

"ష్" అన్నాడు.

గట్టు తెగిన చోట, తూడు పక్కన నీళ్ళమీద ఎర్రటి మరక కదులుతోంది. నారింజ రంగులో, అగ్గిపుల్లంత లేని పిల్లలు, వందలకొద్దీ. కొర్రమీను పిల్లలు. ముందు వారం పడ్డ వానలకి పెట్టిన గుడ్లేమో. అన్నీ ఒకేసారి పైకొచ్చి గాలి పీలుస్తుంటే నీళ్ళు సన్నగా ఉడుకుతున్నట్టుంది. వాటి కింద నల్లటి నీడ ఒకటి. రెండు కిలోలకి తక్కువుండదు. కొర్రమీను పిల్లల్ని వదిలి పోదు, దగ్గరికొచ్చిన దేన్నైనా కరుస్తుంది. అందుకే ఆ సమయంలో దాన్ని పట్టడం చాలా తేలిక. ఎర ఆ మరక మధ్యలో పడితే చాలు, ఆకలి లేకపోయినా కోపంతో మింగేస్తుంది.

బజారులో కొర్రమీను ధర నాకు తెలుసు. మావయ్యకి ఇంకా బాగా తెలుసు. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను.

మావయ్య వెదురు గడ పైకెత్తి, గాలం చుట్టేశాడు.

"కాపలాలో ఉంది. పద, ఇంకోచోట చూద్దాం" అన్నాడు.

అంతే. చెరువు గురించి అవునని గానీ కాదని గానీ ఒక్క మాట అనలేదు. నేను రెట్టింపు జీతం గురించి మళ్ళీ ఎత్తలేదు.

ఎండెక్కేసరికి మాకు దొరికింది నాలుగు జెల్లలు, గుప్పెడు పరిగెలు. చికాగో గాలానికి మాత్రం ఒక్కటీ పడలేదు. అత్తయ్య వాటిలో పచ్చి మామిడికాయ వేసి పులుసు పెట్టింది. అక్కడ ముళ్ళు తీసేసి, నిమ్మరసం పిండి ఇచ్చిన సాల్మన్ కూడా బాగానే ఉంది, కాదనను. కానీ ముళ్ళు ఏరుకుంటూ, వేళ్ళు నాక్కుంటూ తినే తిండి వేరు.

ఆ సాయంత్రం ఏలూరు వచ్చాక ఫ్రెండుకి ఫోన్ చేసి వద్దని చెప్పాను. వాడికి కోపం రాలేదు. "నువ్వు పెట్టకపోతే ఇంకొకడు పెడతాడ్రా. గట్టు ఆగదు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. నా ఆరు లక్షలు ఆగినంత మాత్రాన కొల్లేరు ఆగుతుందని నేను అనుకోవడం లేదు. ఆ డబ్బు హోమ్‌లోన్‌లో కట్టేశాను. మావయ్య ఇంకా అదే చెరువు దగ్గర, అదే జీతానికి రాత్రంతా మేలుకుంటున్నాడు. ఇది కూడా నిజమే. నేను మంచిపని చేశానని చెప్పుకున్నప్పుడల్లా ఈ రెండో నిజం పక్కనే నిలబడుతుంది.

రెండు సరస్సుల్లోనూ మనిషే చేపని పెంచాడు. తేడా ఒక్కటే కనిపించింది నాకు. అక్కడ చేపని నీళ్ళలో వదిలారు. ఇక్కడ నీళ్ళ చుట్టూ గట్టు కట్టి, ఆ నీళ్ళమీద పుట్టినవాణ్ణి గట్టుమీద కాపలా నిలబెట్టారు.

చెంచా గాలాన్ని అత్తయ్య జామచెట్టుకి వేలాడదీసింది. గాలికి తిరుగుతూ మెరుస్తుంటే చిలకలు రావట్లేదట. కొక్కేలు మాత్రం మావయ్య ముందే విరిచేశాడు, పిల్లల చేతులకి గుచ్చుకుంటాయని.

ఆదివారాలు ఫోన్ చేసినప్పుడు ఆరోగ్యాలు, కరెంటు బిల్లులు, అమ్మ మోకాళ్ళ నొప్పులు అన్నీ అయ్యాక ఒక మాట అడుగుతున్నాను.

"మావయ్యా, ఆ గట్టు...?"

"ఇంకా తెగే ఉందిరా" అంటాడు.

ఈ వారం కూడా అదే అన్నాడు.